తెల్ల బటన్ మీద తీర్పు

పాత కార్ల సంఘంలో ముప్ఫై నలుగురు సభ్యులున్నారు. వాళ్ళలో పొట్టకూటి కోసం మెకానిక్ పని నేర్చుకున్నవాడు ఒక్కడూ లేడు. అధ్యక్షుడు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయినవాడు. నలభై ఏళ్ళు సాక్షుల వాంగ్మూలాలు కొట్టీ కొట్టీ, ఇప్పుడు ఇంజన్ చప్పుడు వింటే చాలు, అందులో ఏ వాల్వు అబద్ధమాడుతోందో పట్టేస్తానంటాడు. స్కూలు యూనిఫారాలు కుట్టే ఒకావిడ అదే కుట్టుమిషన్ మీద కార్ల సీట్లకు తోలు కుట్టడం మొదలుపెట్టి, మళ్ళీ యూనిఫారం గుడ్డ ముట్టుకోలేదు. లిఫ్టులు బాగుచేసే ఆయన ఒకడున్నాడు. కాన్పులు చేసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ కారు కిందికి దూరి బయటికొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు, "అమ్మాయా, అబ్బాయా?" అని అడుగుతారు. ఆవిడ దానికి నవ్వడం మానేసి పదేళ్ళయింది, వీళ్ళు అడగడం మానలేదు.

అందరిలోకీ వంకర దారిన వచ్చినవాడు పళ్ళ మేస్త్రి. అతని అసలు పేరు సంఘం రిజిస్టరులో ఉంది, అక్కడే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్ళు కట్టుడు పళ్ళు చేశాడు. డాక్టరు కొలత తీసి పంపితే మైనంతో చెక్కి, అచ్చులో పోసి, ఉడకబెట్టి, నున్నగా సానపెట్టి పంపేవాడు. తెల్లటి పన్ను చేయడం ఎవడికైనా వస్తుంది. చుట్ట కాల్చీ కాఫీ తాగీ గోధుమరంగుకు తిరిగిన పళ్ళ మధ్య కొత్త పన్ను పెట్టి, అది కొత్తదని పక్కింటివాళ్ళకు కూడా తెలియకుండా చేయడం అతని విద్య. అందుకు టీ డికాషన్ వాడేవాడు. చిక్కగా కాచి, పన్ను అందులో రెండు రోజులు నానేసి, తీసి గుడ్డతో రుద్ది, మళ్ళీ నానేసేవాడు. ఇంట్లో పొయ్యి మీద డికాషన్ కనిపిస్తే అది తాగేదో, పళ్ళు నానేసేదో అడగకుండా భార్య గ్లాసులో పోసుకునేది కాదు.

అలాంటివాడి దగ్గరికి ఒక రోజు పాత కార్లు కొని అమ్మే వ్యాపారి పగిలిన గేరు పిడి పట్టుకొచ్చాడు. ఇలాంటిది చేసిస్తావా, కానీ పాతదిలాగే ఉండాలి, అన్నాడు. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దవడ పన్ను కంటే తేలిక. చేసిచ్చాడు. ఆ తర్వాత కిటికీ పిడులు, లైటు మీటలు, హారన్ బటన్లు వరసగా వచ్చిపడ్డాయి. అందులో మోసముందని అతనికి అప్పుడు తోచలేదు. నోట్లో సందు పూడ్చినట్టే ఇదీ అనుకున్నాడు. కొన్నాళ్ళకు ఆ పాత కార్ల మీద పిచ్చి పట్టుకుంది, పళ్ళ పని వదిలేశాడు. ఆ తర్వాత చేతి వేళ్ళు కొంచెం వణకడం మొదలయ్యాక విడిభాగాలు చేయడమూ వదిలేశాడు. అప్పుడు టైపిస్టు గారు అతన్ని పిలిచి సంఘం తరఫున తీర్పరిగా ఉండమన్నారు. కొత్త భాగాన్ని పాతదిగా చేసినవాడి కంటే దాన్ని పట్టేవాడు ఎవడుంటాడు అని ఆయన వాదన. వినడానికి బాగానే ఉంది. తొమ్మిదేళ్ళుగా పళ్ళ మేస్త్రి మాటే సంఘంలో ఆఖరి మాట.

ఆ ఏడు ప్రదర్శన ఒక స్కూలు మైదానంలో, ఆదివారం పొద్దున జరిగింది. అందులో 'చెయ్యి పడని కార్లు' అని ఒక విభాగం ఉంది. కంటికి కనిపించే ఏ భాగమూ మార్చకుండా, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే కాపాడుకున్న కార్లకు అది. యజమాని ముందే ఒక ఫారం మీద సంతకం పెట్టాలి, ఏమీ మార్చలేదని. మార్చినట్టు తేలితే మార్కులు పోవడమే కాదు, ఫారం మీద 'ప్రకటన నిజం కాదు' అని ఎర్ర సిరాతో రాస్తారు. ఆ రాత సంఘం ఫైలులో ఎప్పటికీ ఉంటుంది.

ఆ విభాగంలో డ్రైవరమ్మ కారు ఉంది. డ్రైవరమ్మ ఒక ఫ్యాక్టరీలో పనివాళ్ళ బస్సు నడుపుతుంది. నలభై అయిదేళ్ళు ఉంటాయి, మనిషి గట్టిది, మాట పొదుపు. కారు వాళ్ళ నాన్నది. ఆయన జన్మంతా ఊళ్ళోవాళ్ళ కార్లు తోలి, తనకంటూ కొనుక్కున్నది అదొక్కటే. ఎనభై రెండేళ్ళ వయసులో ఇప్పటికీ ఆదివారం వస్తే దాన్ని తుడవందే అన్నం ముట్టడు. ఈసారి వాళ్ళు ప్రదర్శనకు రావడానికి కారణం ఉంది. నెలాఖరుకు ఫ్యాక్టరీ బస్సులు ఆపేస్తోంది. మోటారు మ్యూజియంలో పన్నెండు పాత కార్లను చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. డ్రైవరమ్మ దరఖాస్తు పెట్టుకుంది. వస్తువును పాడుచేయకుండా కాపాడే మనిషేనని సంఘం ఒక ఉత్తరం ఇస్తే చాలు, ఉద్యోగం ఆమెదే. మైదానంలో ఉన్న అందరికీ ఈ సంగతి తెలుసు. పళ్ళ మేస్త్రికీ తెలుసు.

అతను కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. రంగు అసలుదే. అద్దాలు అసలువే. తలుపు తీసి కూర్చున్నాడు. సీట్లు, మీటర్లు, పిడులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. స్టీరింగ్ మధ్యలో హారన్ బటన్ మాత్రం పాలలా తెల్లగా ఉంది. ఒక్క గీత లేదు. ఆ మోడల్ కార్లు ఫ్యాక్టరీ నుంచి తెల్ల బటన్లతోనే వచ్చాయి, కానీ పదేళ్ళు తిరిగేసరికి అన్నీ పసుపెక్కి, వెంట్రుకవాసి పగుళ్ళు వచ్చేశాయి. ఇన్నేళ్ళలో తెల్లగా మిగిలిన బటన్ అతను చూడలేదు.

ఇది మార్చిన బటన్ అన్నాడు. పెద్దాయన కూతురి వెనకనుంచి ముందుకొచ్చాడు.

"లేదండీ. అది నేను మార్చలేదు. దానికి మా ఆవిడ గుడ్డ టోపీ కుట్టింది. బండి ఆపగానే టోపీ తొడిగేసేవాణ్ణి. ఎండ తగలనిచ్చేవాణ్ణి కాదు."

అప్పటికి చుట్టూ పదిమంది మూగారు. వినేవాళ్ళుంటే పళ్ళ మేస్త్రికి నోరు ఊరుకోదు. అదే అతని జబ్బు.

"ముప్ఫై ఏళ్ళు పళ్ళు చేశానండీ," అన్నాడు. "తాత నోట్లో పాలపన్ను కనిపిస్తే, అది తాతదేనంటే నమ్మమంటారా?"

అందరూ గొల్లున నవ్వారు. పెద్దాయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది, అర్థమయ్యాక మర్యాద కోసం ఆయన కూడా నవ్వాడు. డ్రైవరమ్మ నవ్వలేదు. బటన్ విప్పి వెనక చూసి ఉంటే అప్పుడే తేలిపోయేది. కానీ ప్రదర్శన రోజున ఏ భాగమూ విప్పకూడదని రూలు ఉంది, ఆ రూలు రాసినవాడు పళ్ళ మేస్త్రే. ఎర్ర సిరా కలం తీసి రాశాడు.

పక్కనే అదే మోడల్ కారు, లెక్కల మాస్టారిది. ఆయన దాన్ని కిందటేడే ఎవరి దగ్గరో కొన్నాడు. దాని బటన్ పసుపెక్కి, సన్నటి పగుళ్ళతో నిండుగా ఉంది. మేస్త్రి దాని మీద బొటనవేలితో రాసి, కళ్ళు మూసుకుని, పాతదనమంటే ఇదీ అని పావుగంట ఉపన్యాసమిచ్చాడు. పూర్తి మార్కులు వేశాడు.

బుధవారం మధ్యాహ్నం లెక్కల మాస్టారు అతని ఇంటికి కారు వేసుకొచ్చాడు. బటన్ కొంచెం వదులైంది, వేరే ఎవరి చేతికీ ఇవ్వడానికి భయమేస్తోంది, మీరే బిగించిపెట్టండి అన్నాడు. మేస్త్రి మురిసిపోయాడు. మాస్టారిని లోపల కూర్చోబెట్టి, కాఫీ ఇమ్మని భార్యకు చెప్పి, స్క్రూడ్రైవర్ పట్టుకుని కారులో కూర్చున్నాడు. బటన్ ఊడదీసి వెనక్కి తిప్పాడు.

వెనకవైపు రెండు చిన్న గీతలు, పక్కన ఒక చుక్క ఉన్నాయి.

పళ్ళ పనిలో ఎవరు చేసిన సెట్టు ఎవరిదో కలిసిపోకుండా ప్రతివాడూ లోపలివైపు ఒక గుర్తు గీసుకుంటాడు. రెండు గీతలూ ఒక చుక్కా అతని గుర్తు. చేతికి అలవాటైపోయి, విడిభాగాల మీద కూడా గీసేవాడు. ఆ వ్యాపారికి చేసిచ్చిన బటనే ఇది. ఆ పసుపు రంగు ఎండది కాదు, తన ఇంటి పొయ్యి మీద కాచిన డికాషన్‌ది. ఆ పగుళ్ళు వేడినీళ్ళూ చన్నీళ్ళూ మార్చి మార్చి పోసి తను తెప్పించినవి.

స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఎన్ని బటన్లు చేశాడు? నలభైకి తక్కువ ఉండవు. ఆ మోడల్ కార్లు ఈ చుట్టుపక్కల మిగిలినవే ముప్ఫయ్యో నలభయ్యో. అంటే ఇన్నేళ్ళూ తను చూసి, వేలితో రాసి, ఆహా పాతదనం అని మెచ్చుకున్నవన్నీ తన చేతిపనే. చూడగా చూడగా ఆ రంగే కంటికి అలవాటైంది, అసలు పాతదంటే అలాగే ఉండాలనుకున్నాడు. తీరా అసలుది కళ్ళెదుటికి వస్తే దొంగదని పదిమందిలో నవ్వించాడు. డ్రైవరమ్మ నాన్న అబద్ధం చెప్పలేదు. ఆ మైదానంలో అబద్ధం ఆడినవాడు తనొక్కడే, అదీ తెలియకుండా. తెలియకుండా అన్న మాట బుధవారం మధ్యాహ్నం దాకానే చెల్లుతుందని కూడా అతనికి అప్పుడే తెలిసింది.

బటన్ బిగించి లోపలికి వెళ్ళాడు. అంతా బాగానే ఉందా అని మాస్టారు అడిగాడు. నిక్షేపంలా ఉంది అన్నాడు. మాస్టారు రెండుసార్లు హారన్ కొట్టి మరీ వెళ్ళాడు.

భార్యకు చెప్పేశాడు. ఆమె దగ్గర ఏదీ దాచలేడు, మొహం చూసి కనిపెట్టేస్తుంది. ఆమె ఆస్పత్రిలో నర్సుగా చేసి వచ్చిన మనిషి. మొత్తం విని, బటన్ల గురించి ఒక్క మాట అనలేదు. ఆ ముసలాయన ఇంటికి ఎప్పుడు వెళ్తున్నావని మాత్రం అడిగింది. మేస్త్రి నీళ్ళు నమిలాడు. వెళ్తాను, కానీ ముందు సంఘంతో మాట్లాడాలి, ఎలా చెప్పాలో ఆలోచించుకోవాలి, తొమ్మిదేళ్ళ మార్కులన్నీ తిరగదోడాల్సి వస్తుంది, అంటూ సాగదీశాడు.

"మనం తప్పు మందు ఇచ్చామని తెలిస్తే మంచం దగ్గరికి పరిగెత్తాలి," అంది ఆమె. "సిగ్గుపడటానికి తర్వాత బోలెడు టైముంటుంది."

రేపు పొద్దున్నే వెళ్తానని మాటిచ్చాడు. నిజంగానే వెళ్దామనుకున్నాడు, అందులో అనుమానం లేదు. ఇస్త్రీ చొక్కా తీసి కుర్చీ మీద వేసుకున్నాడు కూడా.

గురువారం పొద్దున చొక్కా తొడుక్కుంటూ ఉండగా టైపిస్టు గారు ఫోన్ చేశారు. మ్యూజియంవాళ్ళు శనివారం లోపల ఉత్తరం పంపమంటున్నారట. ఆ ఎర్ర సిరా రాత ఉండగా మంచి ఉత్తరం ఇవ్వడానికి తనకు చెయ్యి రావడం లేదట. ముసలాయన మాత్రం బటన్ మార్చలేదని ఒట్టేసి చెబుతున్నాడట.

"ఒక్కసారి మళ్ళీ చూస్తారా?" అని అడిగారు టైపిస్టు గారు. "ఎక్కడైనా పొరపాటు పడే వీలుందా?"

అదీ సమయం. ఒక్క 'ఉంది' అనే మాట చాలు. పళ్ళ మేస్త్రి నోరు తెరిచాడు. తెరిచాక, లెక్కల మాస్టారి మొహం కనిపించింది. మైదానంలో చుట్టూ మూగిన పదిమంది కనిపించారు. తను సంతకం పెట్టిన తొమ్మిదేళ్ళ ఫారాలు కనిపించాయి. సరిగ్గా అప్పుడే అతనికి ఒక తెలివి తోచింది. ఆ తెలివి తోచకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"మళ్ళీ చూడక్కర్లేదండీ," అన్నాడు. "అయినా ఆ అమ్మాయి ఉద్యోగం ఎందుకు పోగొట్టాలి? తెలియక జరిగిందని వాళ్ళు ఒక కాగితం రాసిస్తే, ఎర్ర సిరా కొట్టేసి పొరపాటని రాద్దాం."

టైపిస్టు గారు పొంగిపోయారు. మీది ఎంత పెద్ద మనసండీ అన్నారు. ఫోన్ పెట్టేశాక మేస్త్రికి కూడా కాసేపు అలాగే అనిపించింది. ఆమె ఉద్యోగం ఆమెకు వస్తుంది, తన పరువు తనకు మిగులుతుంది, ఎవరికీ నష్టం లేదు. చొక్కా విప్పి మళ్ళీ కుర్చీకి తగిలించాడు. భార్య గుమ్మంలో నిలబడి అంతా వింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట కంచంలో అన్నం పెట్టి, తను మాత్రం వేరే గదిలో కూర్చుని తింది. నాలుగు రోజులు అవసరానికి తప్ప మాట్లాడలేదు. అతను కుక్కిన పేనులా ఇంట్లోనే పడి ఉన్నాడు.

మరుసటి బుధవారం ప్రదర్శన మార్కుల రిజిస్టరులో సంతకాలు పెట్టడానికి సంఘం గదికి వెళ్ళాడు. పాత టైర్ల షాపు మీద చిన్న గది అది. టైపిస్టు గారు ఉత్సాహంగా ఉన్నారు. డ్రైవరమ్మకు ఉద్యోగం వచ్చేసింది, ఒకటో తారీఖున చేరుతోంది, అంతా మీ సలహా మహిమే అన్నారు. కొట్టేసిన ఎర్ర రాత పక్కన సంతకం పెట్టమని ఫైలు ముందుకు జరిపారు. ఫారం వెనక ఒక గీతల కాగితం పిన్ను చేసి ఉంది. అది డ్రైవరమ్మ రాసింది కాదు. అక్షరాలు పెద్దవి, వణికినవి, ఒక్కొక్కటి విడివిడిగా కూర్చున్నవి.

'బటన్ మార్చలేదని ఆ రోజు అందరిముందూ అన్నాను. తెలిసిన పెద్దలు చెప్పాక ఆలోచించుకుంటే మార్చే ఉంటాననిపిస్తోంది. ఈ మధ్య చాలా సంగతులు మరిచిపోతున్నాను. మా ఆవిడ టోపీ కుట్టిందన్నది కూడా వేరే దేనికో అయి ఉండవచ్చు. మా అమ్మాయికి ఏమీ తెలియదు. పెద్ద మనసుతో క్షమించగలరు.'

కింద సంతకం, శుక్రవారం తేదీ.

పళ్ళ మేస్త్రి రెండోసారి చదవలేకపోయాడు. భార్య కుట్టిన టోపీని కూడా ఆ ముసలాయన వదులుకున్నాడు. తను బుధవారం పరిగెత్తి ఉంటే ఈ కాగితం లేదు. గురువారం నోరు విప్పి ఉన్నా లేదు. కలం కింద పెట్టేశాడు.

"బటన్ ఆయన మార్చలేదండీ," అన్నాడు. "అది ఫ్యాక్టరీదే. మాస్టారి కారులో ఉన్నది నేను చేసింది."

టైపిస్టు గారు లేచి, మూలనున్న టైపు మిషన్ మీది గుడ్డ తీసి, కాగితం ఎక్కించి, మొదటినుంచి చెప్పమన్నారు. మేస్త్రి చెబుతూ పోయాడు, ఆయన కొడుతూ పోయారు. గీతలు, చుక్క, డికాషన్, నలభై బటన్లు అన్నీ ఎక్కాయి. మధ్యలో ఒకచోట ఆయన వేళ్ళు ఆగాయి.

"గురువారం నేను ఫోన్ చేసేటప్పటికి మీకు తెలుసా?"

"తెలుసు."

ఆయన ఆ మాటా కొట్టారు. సంతకం పెట్టించుకుని, ఒక ప్రతి ఫైలులో పెట్టి, ఇంకొకటి అతని చేతికిచ్చారు. తిట్టలేదు. మెట్ల దాకా సాగనంపడానికి మాత్రం రాలేదు. తొమ్మిదేళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి.

డ్రైవరమ్మ ఇల్లు బస్సుల షెడ్డుకు దగ్గర. రెండు గదులు, పక్కన రేకుల చావడి, అందులో కారు. ఆమె అప్పుడే డ్యూటీ దిగి వచ్చినట్టుంది, కాకీ చొక్కాలోనే ఉంది. అతన్ని చూసి లోపలికి రమ్మంది, మీవల్లే ఉద్యోగం వచ్చిందంటూ కుర్చీ వేయబోయింది. అతను కూర్చోలేదు. కాగితం చేతికిచ్చాడు. ఆమె గుమ్మం వెలుతురులో నిలబడి ఆఖరి వరస దాకా చదివింది.

"శుక్రవారం పొద్దున రాయనని మొండికేశాడు," అంది కాగితం మీంచి చూపు తిప్పకుండా. "నేనే అరిచాను. అంత తెలిసినాయన చెబుతుంటే కాదంటావేంటి నాన్నా, నీకు మతి పోతోంది అన్నాను. ఆ మాట తర్వాత ఇంకేం మాట్లాడలేదు. రాసిచ్చాడు."

తప్పంతా నాదేనమ్మా అన్నాడు మేస్త్రి. ఆమె స్క్రూడ్రైవర్ తెచ్చి చావడిలోకి నడిచింది. కారు తలుపు తీసి, బటన్ తనే విప్పి అతని చేతిలో పెట్టింది. వెనక ఇత్తడి కట్టు మీద ఫ్యాక్టరీ ముద్ర, ఇప్పుడే కొట్టినంత స్పష్టంగా ఉంది. అన్ని బటన్లు చేసిన అతను, మొదట్లో వ్యాపారి నమూనాకు తెచ్చిన బటన్ తర్వాత, ఆ ముద్రను చూడటం జన్మలో అది రెండోసారి.

"లోపలున్నాడు," అంది ఆమె. "మీరే చెప్పండి. నా నోటితో చెబితే నా మీద జాలితో ఊరుకుంటాడు."

పెద్దాయన కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. గోడకు చీటీలు అంటించి ఉన్నాయి. 'పొయ్యి ఆపావా', 'మాత్ర రాత్రికి ఒకటే', 'తాళం మేకుకు'. అన్నీ ఆ వణికే అక్షరాలే, కాగితం ఇంకా కొత్తది. మేస్త్రి వాటిని చూసినట్టు గమనించి, డాక్టరు రాసుకోమన్నాడండీ అని ఆయన చెప్పుకున్నాడు. మొన్న సోమవారం అమ్మాయి తీసుకెళ్ళిందట. ఆ బటన్ గొడవ జరిగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నా మతిమరుపు సంగతి ఎవరికీ తెలిసేది కాదు, మీకు రుణపడి ఉన్నాను అన్నాడు.

మేస్త్రి మంచం ముందు నేల మీద కూలబడ్డాడు. తను చేసిందంతా చెప్పాడు. బటన్ చేతిలో పెట్టి, వెనక్కి తిప్పి, ముద్ర చూపించాడు. మీరు మార్చలేదు, మీకు మతిమరుపు లేదు, మీరన్నదే నిజం, తప్పుగా చూసింది నేను, తెలిసీ నోరు మూసుకున్నదీ నేనే అన్నాడు. చెబుతూ ఉంటే కళ్ళ నీళ్ళొచ్చాయి. పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. ముద్రను వేలితో తడిమాడు. ఆ తర్వాత మేస్త్రి భుజం తట్టాడు.

"ముసలాణ్ణి ఓదార్చడానికి ఇంత దూరం వచ్చారు," అన్నాడు. "ఎవరండీ ఈ రోజుల్లో ఇలా వచ్చేది? కానీ నేనే మార్చానండీ. ఇప్పుడు బాగా గుర్తొస్తోంది. రైలు కట్ట పక్కన ఒక షాపుండేది. ఆకుపచ్చ తలుపులు. అక్కడే కొన్నాను. వాన పడుతోంది ఆ రోజు."

కాదండీ అన్నాడు మేస్త్రి. నాన్నా, అలాంటి షాపు లేదు అంది గుమ్మంలోంచి కూతురు. పెద్దాయన ఇద్దరివైపూ చూసి, పిల్లల మాటకు నవ్వినట్టు నవ్వాడు.

"ఫ్యాక్టరీ ముద్ర ఉందంటే మంచి షాపే అన్నమాట. అసలు సరుకే ఇచ్చాడు."

దిండు కింద నుంచి ఒక నోటు పుస్తకం తీశాడు. మళ్ళీ మరిచిపోతే కష్టమని, పెన్సిల్ తడిచేసుకుని, ఒక్కొక్క అక్షరమే కూర్చుతూ రాశాడు. బటన్, రైలు కట్ట, ఆకుపచ్చ తలుపులు, వాన. రాయడం అయ్యాక పుస్తకం మేస్త్రి ముందు పెట్టాడు.

"సరిగ్గా ఉందేమో చూసిపెట్టండి," అన్నాడు. "మీ కంటి మీద నాకు నమ్మకం."